తెర మీద తెల్లచుక్కలు

మొన్న మా ల్యాబులో కంప్యూటర్లు శుభ్రం చేయడానికి ఒకాయన వచ్చాడు. నేను పనిచేసేది నెల్లూరులో, రొయ్యలకీ గుంటల నీటికీ పరీక్షలు చేసే పెద్ద ల్యాబులో. ఆయన నా బల్ల కింది సీపీయూ డబ్బా మూత విప్పగానే ఒక వాసన వచ్చింది. వేడెక్కిన దుమ్ము, దాని వెనక కొంచెం ఉప్పు. ఖాళీ చేసిన ఎండుచేపల బుట్ట అడుగున మిగిలే వాసన లాంటిది. ఏసీ గదిలో ఉన్న డబ్బాకి ఆ వాసన ఎలా పట్టిందో తెలియదు. సముద్రం వైపు ఊళ్ల నుంచి వచ్చే మేమే రోజూ బట్టల్లో మోసుకొస్తున్నామేమో. "కొంచెం పక్కకి జరగండి మేడమ్, దుమ్ము లేస్తుంది" అన్నాడాయన. నేను జరగలేదు. ఆ వాసన నాకు బాగా తెలుసు. మొదటిసారి అది పీల్చిన రోజు నా పక్కన కామాక్షి మేడమ్ ఉన్నారు, చేతిలో టార్చి పట్టుకొని.

ఆవిడ గురించి డైరీలో అక్కడక్కడా రాసుకున్నాను గాని, ఆవిడని చూడనివాళ్లకి అర్థమయ్యేలా ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కామాక్షి మేడమ్ ల్యాబు ఇందుకూరుపేట దాటాక మైపాడు పోయే రోడ్డు పక్కన ఉండేది. రెండే గదులు. వెనక గదిలో సీసాలు, ఫ్రిజ్, చేతులు కడుక్కునే తొట్టి. ముందు గదిలో మైక్రోస్కోపు, కంప్యూటరు, ఎదురుగా గోడకి ఆనించిన పొడుగాటి బెంచీ. చుట్టూ ఎటు చూసినా రొయ్యల గుంటలే. కిటికీ తెరిస్తే, నీళ్లు చిలికి గుంటకి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు వినిపించేది. మేడమ్ చేపల పెంపకం చదువు చదివి, రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలో చాన్నాళ్లు ఉద్యోగం చేసి, దాన్ని వదిలేసి సొంతంగా పెట్టుకున్న ల్యాబు అది. పొట్టి మనిషి. కళ్లద్దాలు ఎప్పుడూ తాడుకి కట్టి మెడలో వేలాడుతుండేవి. షుగర్ వల్ల చూపు మందగిస్తోందని అందరికీ తెలుసు, ఆవిడే చెప్పేవారు. "నా కళ్లు పాత బ్యాటరీలు. పొద్దున బాగా వెలుగుతాయి, సాయంత్రానికి గుడ్డి" అనేవారు నవ్వకుండా.

డిగ్రీ అయ్యాక నన్ను అక్కడ చేర్చింది మా నాయన. ఆయన మైపాడులో పడవ మీద వేటకి పోతాడు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, "దీనికి మాట రాదు మేడమ్. చేతిపని మాత్రం బాగా చేస్తది" అన్నాడు. సిగ్గుతో నా తల ఇంకా కిందికి పోయింది. మేడమ్ నాకేసి చూడకుండానే, "మాటలు చెప్పేవాళ్లు పొద్దున్నుంచి ఈ బెంచీ నిండా ఉంటారు. నాకు చేతిపని చేసేవాళ్లే కావాలి, రేపట్నుంచి రమ్మను" అన్నారు.

నాకు మాట రాక కాదు. నలుగురి ముందు నోరు తెరిస్తే గొంతు సన్నగా పలుకుతుందని, ఎవరో ఒకరు "ఏందీ?" అని రెట్టిస్తారని భయం. అలా రెట్టిస్తే అంతే, మళ్లీ చెప్పేదాన్ని కాదు. ఇంట్లో కూడా చెప్పాల్సినవన్నీ డైరీలో రాసుకొని పడుకునేదాన్ని. ల్యాబులో పని లేనప్పుడు బల్ల కింద నవల పెట్టుకొని చదివేదాన్ని. ఒకరోజు మేడమ్ చూసేశారు. తిడతారనుకున్నాను. "ఆ పుస్తకంలో వాళ్లు మాట్లాడుకుంటారా?" అని అడిగారు. మాట్లాడుకుంటారని చెప్పాను. "వాళ్ల మాటలు నీకు వినపడుతున్నాయి కదా. నీ మాట నాకెందుకు వినపడదు?" అన్నారు. తర్వాత ఫోను నా బల్ల మీదికి జరిపారు. అది మోగినప్పుడల్లా నేను నీళ్ల సీసాలు కడగడానికి వెనక గదిలోకి వెళ్లిపోయేదాన్ని. మేడమే లేచి వచ్చి ఎత్తేవారు. ఫోన్ని మాత్రం నా బల్ల మీద నుంచి తీయలేదు.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఏ శాంపిల్ వచ్చినా ముందు నన్ను పిలిచి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగేవారు. కొత్తలో నేను జబ్బు పేరు చెప్పబోయేదాన్ని. వెంటనే ఆపేవారు. "అది నువ్వు అనుకునేది. నేను అడిగింది కనిపించేది."

"తోక చివర ఎర్రగా ఉంది మేడమ్."

"ఇంకా?"

"ఒక మీసం విరిగింది. పేగు ఖాళీగా ఉంది."

"ఇది చెప్పు. అనుకునేది తర్వాత అనుకుందాం."

ఇంకొకటి కూడా ఉండేది. రైతుకి ఫలితం చెప్పేటప్పుడు తెర వైపు చూస్తూ చెప్పేవారు కాదు. గుండ్రంగా తిరిగే తన కుర్చీని పూర్తిగా బెంచీ వైపు తిప్పుకొని, అతని మొహం చూసి చెప్పేవారు. మంచివార్తకీ అంతే, చెడ్డవార్తకీ అంతే. ఆ కుర్చీ కిర్రుమని తిరగగానే బెంచీ మీద గుసగుసలు ఆగిపోయేవి.

తెర గురించి కూడా చెప్పాలి. మా దగ్గరికి వచ్చే రైతులకి వాళ్ల రొయ్యని వాళ్లే చూడాలి. చీటీ మీద రాసిస్తే నమ్మరు. పైగా మేడమ్ కూడా మైక్రోస్కోపుకి కన్ను ఆనించి చూడలేని స్థితికి వచ్చారు. అందుకని ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే చిన్న గొట్టం, తీసి డబ్బాలో పడేసి, దాని చోట కెమెరా బిగించారు. రొయ్య పెంకు కంప్యూటరు తెర నిండా కనిపించేది. ఆ కంప్యూటరు ముసలిది. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఒకాయన కొత్తది కొనుక్కొని దీన్ని అమ్మేస్తే మేడమ్ తీసుకున్నారు. వీడియోల పనికి కావాలని ఆయన అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు వేయించాడు. తెర మీద బొమ్మ పుట్టేది ఆ కార్డులోనే. కంప్యూటరు లోపలి పెద్ద బోర్డుకి సొంతంగా బొమ్మ చూపించే ఏర్పాటు లేదు. కార్డు పోతే తెర నల్లబడి ఊరుకుంటుంది. ఇవన్నీ అప్పుడు మాకు తెలియవు. పాతది కదా, వేడెక్కకుండా ఉంటుందని సీపీయూ డబ్బాని సముద్రం వైపు కిటికీ కింద పెట్టాం. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి సూటిగా దాని మీదికే కొట్టేది. మా వైపు మనుషులకైనా యంత్రాలకైనా మేము చేసే మర్యాద అదే, గాలి తగిలే చోట కూర్చోబెట్టడం.

కొన్నాళ్లుగా తెర మీద అప్పుడప్పుడూ సన్నటి గీతలు మెరిసి పోతుండేవి. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అనుకున్నాం.

ఆ రోజు పెంచలయ్య అన్న వచ్చాడు, వెంట ఆయన భార్య రవణమ్మక్క. కౌలుకి తీసుకున్న గుంట వాళ్లది. ఇద్దరూ గుంట గట్టు మీదే కాపురం ఉన్నట్టు ఉండేవారు. పక్క గుంటలో వారం కింద తెల్లమచ్చ వచ్చి రొయ్యంతా చచ్చిపోయింది. తెల్లమచ్చ అంటే మా వైపు ఏ రైతుకీ వివరించక్కర్లేదు. రొయ్య తల పెంకు మీద తెల్లటి చుక్కలు పడతాయి, రోజుల్లో గుంట ఖాళీ అవుతుంది. మందు లేదు. ముందే కనిపెడితే సైజు రాకపోయినా వలేసి పట్టేసి, వచ్చినంతకి అమ్ముకోవడం ఒక్కటే దారి. జబ్బు లేకుండా పట్టేస్తే చేతికందే పంటని చేజేతులా పాడుచేసుకున్నట్టు. ఉండి పట్టకపోతే ఏమీ మిగలదు.

"పొద్దున రొయ్య గట్టుకొచ్చింది మేడమ్" అన్నాడు పెంచలయ్య అన్న, బకెట్ కింద పెడుతూ. ఒంట్లో బాగోకపోతేనే రొయ్య లోతు వదిలి గట్టు దగ్గరికి చేరుతుంది.

"మీ అన్న కూడా గట్టునే ఉండాడు పొద్దుట్నుంచి. తిండి ల్యా, నీళ్లు ల్యా" అంది రవణమ్మక్క.

"నువ్వు గమ్మునుండు మే."

నేను ఒక రొయ్య తల పెంకు ఒలిచి, కడిగి, స్లైడు మీద పరిచాను. ఉత్త కంటికి ఏమీ కనపడలేదు. తెల్లమచ్చ మొదట్లో అలాగే ఉంటుంది, కంటికి ఆనదు. స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను. తెర మీద పెంకు వచ్చింది. దాని మీద తెల్లటి చుక్కలు, చల్లినట్టు.

మేడమ్ కళ్లద్దాలు పెట్టుకొని తెర దగ్గరికి వంగారు. చాలాసేపు చూశారు. కుర్చీ కిర్రుమని తిరిగింది.

"చుక్కలు ఉన్నాయి పెంచలయ్యా" అన్నారు. "శాంపిల్ నెల్లూరు పంపుదాం. వైరస్ పరీక్ష చేసి రేపు మధ్యాహ్నానికి చెప్తారు. అప్పటిదాకా ఆగు."

"రేపు మధ్యాహ్నానికి నా గుంటలో ఏముంటది మేడమ్? పక్కోడు ఇట్నే ఆగినాడు." ఆయన అప్పటికే ఫోను తీశాడు. తెల్లారేసరికి వలలతో రమ్మని పట్టేవాళ్లకి చెప్పాడు, ఐసు బండి కూడా మాట్లాడమన్నాడు. రవణమ్మక్క బకెట్‌లో మిగిలిన రొయ్యల వైపు చూస్తూ కూర్చుంది.

నేను మౌస్ దగ్గర ఉన్నాను. తెర కింది అంచున తేదీ, టైము కనిపించే పట్టీ ఉంటుంది కదా, దాని మీద ఒక తెల్లచుక్క ఉంది. రొయ్య పెంకు అక్కడిదాకా రాదు. "మేడమ్" అన్నాను. పెంచలయ్య అన్న ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. నా మాట నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. అప్పుడు ఆయనే ఫోను చెవి మీద నుంచి కొంచెం పక్కకి తీసి, "ఏందీ?" అన్నాడు.

నేను భయపడే మాట అదే. మేడమ్ నా వైపు తిరిగి, రోజూ అడిగే గొంతుతోనే అడిగారు. "ఏం కనిపిస్తోంది?"

"చుక్క... తేదీ మీద కూడా ఉంది మేడమ్."

అంతకన్నా చెప్పడం నాకు చేతకాలేదు. చెయ్యి చాచి స్లైడుని కొంచెం పక్కకి జరిపాను. తెర మీద పెంకు జరిగింది. చుక్కలు జరగలేదు. ఉన్నచోటే ఉన్నాయి. పెంకు వాటి కింద నుంచి జారిపోయింది. ఇంకొంచెం జరిపాను. పెంకు తెర దాటి పోయింది. ఖాళీ గాజు మీద చుక్కలు అలాగే ఉన్నాయి.

రవణమ్మక్క లేచి తెర దగ్గరికి వచ్చింది. వేలితో ఒక చుక్కని తాకి చూసింది. "తెల్లమచ్చ రొయ్యకి కాదు, ఈ పెట్టెకి వచ్చినట్టుండాదే" అంది.

మేడమ్ కుర్చీ మళ్లీ బెంచీ వైపు తిరిగింది. "ఇందాక నేను చెప్పింది తప్పు పెంచలయ్యా. తెర చూసి చెప్పాను. ఇప్పుడు వైరస్ లేదని కూడా చెప్పను, అది నాకు తెలీదు. ఈ చుక్కలు మాత్రం నీ రొయ్యవి కావు."

ఆ మాటని ఆవిడ ఫీజు ఎంతో చెప్పే గొంతుతోనే చెప్పారు. నాకు తెలిసిన పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవాల్సి వస్తే గట్టిగా అరిచేవారు, లేకపోతే అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేవారు. అలా కూర్చొని, ఎదుటి మనిషిని చూస్తూ చెప్పడం నేను అంతవరకు చూడలేదు.

తర్వాత ఐపీస్ వెతికించి, కెమెరా తీయించి, దాని చోట పెట్టించారు. "నువ్వు చూడు. నా కళ్లు పనికిరావు." చూశాను. పెంకు శుభ్రంగా ఉంది. మొప్పలు కూడా చూడమన్నారు. అవి నల్లగా, మురికి పట్టి ఉన్నాయి. ఆ మాట చెప్పాను. పెంచలయ్య అన్నని కూడా చూడమన్నాం. ఆయన ఒక కన్ను మూసి, ఎంతోసేపు వంగి, లేచాడు.

"నాకు నా రెప్పలే కనపడతండాయి."

"ఇంకొంచెం దగ్గరికి పెట్టు అన్నా."

"పెట్టినా పాపా. రెప్పలే." ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "ఇందాక ఉండాదంటిరి, ఇప్పుడు తెలీదంటిరి. నేను చూసింది మాత్రం చుక్కల్ని. వల వాళ్లకి మాటిచ్చినా. నేను చూడకుండా వాళ్లని ఎట్ట ఆపేది?"

ఆయన తప్పేమీ లేదు. తెర మీద చూపించి నమ్మడం మేమే నేర్పాం. మేడమ్ కుర్చీని బెంచీ దగ్గరికి జరుపుకున్నారు. "సాయంత్రం దాకా ఇక్కడే కూర్చో. ఈ పెట్టె సంగతి తేల్చి నీకే చూపిస్తాం. కానీ ఏరేటర్లు ఒక్కటి కూడా ఆపొద్దని గుంట దగ్గరికి ఫోన్ చెయ్యి. మొప్పలు నల్లబడ్డాయి. అడుగున బురద ఎక్కువై గాలి అందట్లేదేమో." ఆయన ఫోన్ చేశాడు. ఒక ఏరేటరు రెండు రోజులుగా ఆగి ఆగి తిరుగుతోందని అప్పుడు చెప్పాడు.

"ఆ మాట వస్తానే చెప్పాల్సింది" అంది రవణమ్మక్క.

"అడగలేదు కదా వాళ్లు."

పని మొదలుపెట్టాం. మేడమ్ ఒకటే షరతు పెట్టారు. "ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక చూడాలి. రెండు కలిపి మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలీదు." పెంచలయ్య అన్న వైపు చూసి, "ఈయన గుంటలో సున్నం, బెల్లం, పొడిమందు అన్నీ ఒకే పూట చల్లుతాడు చూడు, అట్లా కాదు" అన్నారు.

"ఏదో ఒకటి పని చేస్తది కదా మేడమ్."

"ఏది చేసిందో చెప్పు మరి."

ఆయన కొంచెం నవ్వాడు.

కెమెరా మళ్లీ బిగించి, ముందు దాని తీగ పీకేశాను. బొమ్మ పోయింది, చుక్కలు పోలేదు. అంటే కెమెరాది కాదు. మానిటర్ తీగ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. అలాగే ఉన్నాయి. పక్క జెరాక్స్ షాపాయనని అడిగి ఆయన మానిటర్ తెచ్చాం. "మీ రొయ్యల జబ్బు దీనికి అంటించి పంపొద్దు" అన్నాడాయన మోసుకొచ్చి పెడుతూ. అందులోనూ చుక్కలే. ఇక మిగిలింది డబ్బా.

"విప్పు" అన్నారు మేడమ్.

"నేనా?"

"నా కళ్లకి స్క్రూలు కనపడవు. చెయ్యి నీది, టార్చి నాది."

ప్లగ్గు తీసి, ఒంట్లో చిటపటలాడే కరెంటు ఏమైనా ఉంటే పోవాలని కిటికీ ఇనప ఊచని ఒకసారి ముట్టుకొని, స్క్రూలు విప్పాను. మూత జరపగానే ఆ వాసన వచ్చింది. లోపల దుమ్ము మెత్తగా, తడిగా, పిండిలా అంటుకొని ఉంది. గ్రాఫిక్స్ కార్డు మీద ఒక చిన్న ఫ్యాన్ ఉంది. వేలితో తోస్తే తిరగలేదు. రెక్కల మధ్య దుమ్ము, ఉప్పు కలిసి గట్టిపడిపోయాయి. కార్డు అంచులో బంగారు రంగు పళ్లు ఉంటాయి, వాటితోనే అది బోర్డుని పట్టుకుంటుంది. ఆ పళ్ల మీద అక్కడక్కడా పచ్చటి చిలుము. మేడమ్ టార్చి కిటికీ వైపు తిప్పారు, మళ్లీ డబ్బా వైపు తిప్పారు. "చల్లగా ఉంటుందని పెట్టాం. గాలితోపాటు ఉప్పు తాగించాం దీనికి" అన్నారు.

కార్డు దూరే సందుని స్లాటు అంటారు, దాని చివర చిన్న కొక్కెం నొక్కి కార్డు బయటికి తీశాను. పెన్సిలు రాతలు చెరిపే రబ్బరుతో ఆ పళ్లని మెల్లగా రుద్దాను. చిలుము పోయింది. బ్రష్‌తో ఫ్యాన్ శుభ్రం చేశాను, అయినా అది తిరగలేదు. కార్డు మళ్లీ పెట్టి స్విచ్చి వేశాం. తెర శుభ్రంగా వచ్చింది. ఒక్క చుక్క లేదు.

పెంచలయ్య అన్న లేచి నిలబడ్డాడు. నేను సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహంలో అనుమానం వచ్చింది. "తుడిస్తే పోయినాయా? మరి ఇందాకటివి నిజంగానే రొయ్య మీద చుక్కలై, బొమ్మ పోయినా పెట్టెలో అంటుకొని మిగిలినాయేమో."

"కూర్చో. అది వేడెక్కనీ" అన్నారు మేడమ్. మైక్రోస్కోపు కింద ఏమీ లేదు. కెమెరా తీగ బల్ల మీద విడిగా పడి ఉంది, అందరికీ కనిపించేలా. నలుగురం ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాం. ఎవరైనా బయటినుంచి చూస్తే టీవీలో ఏదో సీరియల్ వస్తోందనుకునేవారు. కాసేపటికి పై మూలలో ఒక తెల్లచుక్క పడింది. తర్వాత మధ్యలో రెండు. తర్వాత చల్లినట్టు తెరంతా.

"రొయ్య ల్యా. కెమెరా ల్యా. చుక్కలుండాయి" అంది రవణమ్మక్క. ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క వేలు ముడిచింది. "ఇంకా ఏం చూడాల నువ్వు?"

ఆయన ఫోను తీశాడు. "రేపు రావొద్దులే. ... వాన కాదు. ... పెట్టెకి జబ్బు. ... పెట్టెకి అంటే పెట్టెకే, నీకు రేపు చెప్తా." బయటికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "వైరస్ ఉందని తేలితే?" అని అడిగాడు. "రేపు మధ్యాహ్నమే పట్టు. ఈలోగా కొన్ని పోతాయి. లేకపోతే పంట మిగులుతుంది" అన్నారు మేడమ్. "ఆ నిర్ణయం నీదే. నేను చూసింది చెప్పాను." ఆయన తలూపి వెళ్లిపోయాడు.

శాంపిల్ సీసా, పాత కార్డు తీసుకొని నేనే నెల్లూరు బస్సెక్కాను. కార్డుని న్యూస్‌పేపర్లో చుట్టి నా టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. ఒంటరిగా ఏ షాపుకీ వెళ్లి బేరం చేసి ఎరగను. ముందు శాంపిల్ ఇచ్చేశాను. కంప్యూటరు షాపులో కౌంటరు దగ్గర ఉన్నాయన నా కార్డు చూసి, ఇలాంటివి ఇప్పుడు రావడం లేదని పెద్ద కార్డు ఒకటి తీసి ముందు పెట్టాడు. రెండు ఫ్యాన్లు, బరువుగా ఉంది.

"ఇది పట్టదండీ" అన్నాను.

"ఏందీ?"

బస్సులో వస్తూ డబ్బా లోపల చూసినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి మనసులో చెప్పుకుంటూ వచ్చాను కాబట్టి ఈసారి ఆగలేదు. "మా డబ్బా సన్నగా ఉంటుంది. దీనికి పక్కన విడిగా కరెంటు తీగ పెట్టే చోటుంది. మాదాంట్లో అలాంటి తీగ లేదు. మా కార్డు కరెంటు కూడా స్లాటులోంచే తీసుకుంటుంది."

ఆయన పెద్దది లోపల పెట్టేసి, సొరుగులోంచి వాడిన చిన్న కార్డు ఒకటి తీశాడు. తన బల్ల మీది కంప్యూటరుకి పెట్టి చూపించాడు. తెర బాగానే వచ్చింది. "ప్యాక్ చేయనా?" అన్నాడు. "కాసేపు అలాగే ఉంచండి. వేడెక్కాక చూస్తాను" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి స్టూలు జరిపాడు. కూర్చొని చూశాను. చుక్కలు రాలేదు. ఆ రాత్రి డైరీ రాయబోతే పెద్దగా రాయాల్సింది ఏమీ కనపడలేదు. చెప్పాల్సినవి పగలే చెప్పేసినట్టున్నాను.

మర్నాడు పొద్దున కార్డు బిగించాను. స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉండిపోయింది, లోపల్నుంచి కీచుమని పొడుగాటి కూత వచ్చింది. కొత్తదీ పాడుచేశాననుకున్నాను. మేడమ్ టార్చి వేసి, "ఒక వైపు పైకి లేచి ఉన్నట్టుంది, చూడు" అన్నారు. నిజమే. విరిగిపోతుందేమోనని భయపడి సగమే నొక్కాను. "పూర్తిగా నొక్కు. మెత్తగా పట్టుకుంటే అది కూర్చోదు" అన్నారు. ప్లగ్గు తీసి మళ్లీ నొక్కాను. కొక్కెం టక్కుమంది. తెర వెలిగింది. డబ్బాని కిటికీ కింది నుంచి తీసి లోపలి గోడ పక్కకి మార్చాం. మధ్యాహ్నం దాకా ఆపకుండా నడిపాం. మధ్యమధ్యలో ఇద్దరం వచ్చి తెర మూలలు చూసిపోతున్నాం. ఇద్దరి చెవులూ మాత్రం ఫోను మీదే ఉన్నాయి.

అది మోగింది. నేను అలవాటుగా వెనక గది వైపు లేచాను. మేడమ్ తన కుర్చీలోంచి కదల్లేదు. మోగుతూనే ఉంది. ఎత్తాను. నెల్లూరు ల్యాబు నుంచి. విని, పెట్టేశాను.

"ఏం చెప్పారు?"

"వైరస్ కనిపించలేదట మేడమ్."

ఆవిడ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచారు. తుడవడం ఎంతకీ పూర్తి కాలేదు. రాత్రి ఆవిడ నిద్రపోలేదని అప్పుడు అర్థమైంది. వల వాళ్లని ఆపింది పెంచలయ్య అన్నే అయినా, ఆపించింది మా మాట. "పెంచలయ్యకి చెప్పు" అన్నారు.

"మీరు చెప్పండి మేడమ్."

"చుక్క తేదీ మీద ఉందని చూసింది ఎవరు?"

నంబరు నొక్కాను. రవణమ్మక్క ఎత్తింది. "ఎవురు?"

"నేనక్కా. ల్యాబు నుంచి సుధని."

"ఆ పాపవా? నీకు ఫోన్లో మాట వస్తదా?"

"రొయ్యలో వైరస్ కనిపించలేదక్కా."

అవతల ఏరేటర్ల చప్పుడు వినపడింది. అన్నీ తిరుగుతున్నట్టున్నాయి. "మళ్లా చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. "ఉండు, ఆయనకిస్తా. నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు." మూడోసారి పెంచలయ్య అన్నకి చెప్పాను. ప్రతిసారీ నా గొంతు కొంచెం గట్టిగా వచ్చింది. ఆయన "సరే పాపా" అని మాత్రం అన్నాడు. సైజు వచ్చేదాకా పెంచి పట్టిన రోజు, ఇద్దరూ ఒక గిన్నె నిండా రొయ్యలు తెచ్చి మా బల్ల మీద పెట్టారు. "ఇవి పరీక్షకి కాదు, కూరకి" అంది రవణమ్మక్క.

ఆ తర్వాత ఐపీస్ మళ్లీ డబ్బాలోకి పోలేదు. తెర మీద ఏది కనిపించినా నేను ఐపీస్‌లో చూసి, స్లైడు జరిపి చూశాకే మేడమ్ కుర్చీ తిప్పేవారు. కొన్నేళ్లకి ఆవిడ చూపు మరీ తగ్గింది. ల్యాబు మూసేసి సంగం ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు నన్ను ఇప్పుడున్న చోట చేర్పించారు. ఫోన్ చేస్తే ఇప్పటికీ బాగున్నావా అని అడగరు. "ఈ రోజు ఏం చూశావు?" అని అడుగుతారు. నా డైరీ కూడా మారింది. ముందు చూసినవి రాస్తాను. అనిపించినవి, చోటు మిగిలితే, కింద.

మొన్న ఆ శుభ్రం చేసే ఆయన డబ్బా మూత బిగించి వెళ్లిన కాసేపటికి ఒక రైతు వచ్చాడు. పెద్ద వయసు కాదు. రొయ్య గట్టుకొచ్చిందన్నాడు. పెంకు ఒలిచి స్లైడు మీద పెట్టాను. మా ఇప్పటి తెర గోడంత ఉంటుంది. దాని మీద తెల్లచుక్కలు వచ్చాయి. బెంచీ మీద ఆయన తెర వైపు వంగాడు. నేను స్లైడుని కొంచెం పక్కకి జరిపాను. పెంకు జరిగింది. చుక్కలు కూడా దానితోపాటే జరిగాయి. ఐపీస్‌లో చూశాను. అక్కడా ఉన్నాయి. ఇంకోసారి జరిపి చూశాను, ఈసారి నా కోసం. అవి పెంకుని వదల్లేదు.

కుర్చీ ఆయన వైపు తిప్పుకొని చెప్పాను.